గాలి దక్షిణానికి తిరిగిన సాయంత్రం

కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలవుతుంది. ఒక పాయ తూర్పుగా పోయి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండోది నాగాయలంక మీదుగా దక్షిణానికి దిగి, మళ్ళీ చీలి, ఎదురుమొండి లాంటి లంకల్ని మధ్యలో వదిలి సముద్రంలో పడుతుంది. ఈ పాయలకీ సముద్రానికీ నడుమ ఉన్నది మా దివిసీమ. ఎటు చూసినా నీళ్ళే. నా చిన్నతనంలో బెజవాడ వెళ్ళాలంటే పులిగడ్డ అక్విడక్టు దాటాల్సిందే.

సొర్లగొంది, నాలి, పాలకాయతిప్ప, హంసలదీవి. సముద్రానికి మొదట తగిలే ఊళ్ళు ఇవి. మాది వాటికి కాస్త ఎగువన ఉన్న చిన్న పల్లె. అందరివీ మట్టిగోడలు, తాటాకు కప్పులు. ఊళ్ళో డాబా ఒక్కటే ఉండేది.

గాలివాన మాకు కొత్త కాదు. దాదాపు ఏటా కార్తీకమాసం ముందో వెనకో వాయుగుండం పట్టేది. కప్పు మీదుగా కొబ్బరితాళ్ళు వేసి, కొసల్ని నేలలో దిగ్గొట్టిన గుంజలకి బిగించేవాళ్ళు. పిడకలు, పుల్లలు లోపల పెట్టుకుని, గొడ్లను గాలి తగలని పక్కకి మార్చి, తగ్గేదాకా కూర్చునేవాళ్ళం. కప్పు లేచిపోతే మళ్ళీ తాటాకు నేసుకునేవాళ్ళు. చేను పడిపోతే అప్పు చేసేవాళ్ళు. మాకు తెలిసిన నష్టం అంతవరకే.

1977లో దీపావళి వెళ్ళగానే నాగపట్నం వైపు ఒక తుఫాను తీరం దాటింది. అక్కడా వందల మంది పోయారు. ఆ కబురు చల్లారకముందే ఇంకోటి వస్తోందని, వేటకి ఎవరూ వెళ్ళొద్దని రేడియోలో చెప్పారట. రేడియో ఉన్నది డాబా ఇంటివాళ్ళకే. వాళ్ళు చెప్తే మాకు తెలిసింది. తాళ్ళు బిగించుకున్నాం. ఊరు వదిలి పొమ్మని మా పల్లెకొచ్చి చెప్పినవాళ్ళు లేరు. చెప్పినా మటుకు కోతకొచ్చిన చేను, పాలిచ్చే గేదె వదిలేసి ఎటు పోతాం? చుట్టుపట్ల తలదాచుకోవడానికి గట్టి కట్టడం ఎక్కడుంది? మా వాళ్ళు మొండితనంతో కూర్చుండిపోయారని తరవాత రాసినవాళ్ళున్నారు. పోవడానికి చోటు చూపించకుండా ఆ మాట అనడం అన్యాయం.

నాన్న బండి కట్టుకుని అవనిగడ్డ వెళ్ళి, వానకి అక్కడే ఆగిపోయాడు. ఇంట్లో అమ్మ, నాయనమ్మ, నేను, తమ్ముడు, చంటిబిడ్డ చెల్లి. నాకప్పుడు పదేళ్ళు.

నవంబరు 19, శనివారం. తెల్లారేసరికి గాలి ఈశాన్యం నుంచి కొడుతోంది. మధ్యాహ్నానికి తూర్పుకి మళ్ళింది. పొయ్యి అంటుకోక అమ్మ చద్దన్నంలో మజ్జిగ పోసి పెట్టింది. నాయనమ్మ గోడకి వీపు ఆనించుకుని కూర్చుని, “గాలి దక్షిణానికి తిరిగితే ఇంక తగ్గిపోద్దిలే” అంది. ఆవిడ చూసిన గాలివానలన్నీ అలాగే తగ్గాయి మరి. పొద్దు వాలే వేళకి గాలి దక్షిణానికి తిరిగింది. దాంతోపాటు సముద్రం వచ్చింది.

మొదట గుమ్మంలోకి పాదం మునిగేటన్ని నీళ్ళొచ్చాయి. వాననీళ్ళే అనుకుని అమ్మ బియ్యం డబ్బా అటక మీదకి ఎత్తింది. తమ్ముడు వంగి వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. “అమ్మా, ఉప్పగా ఉన్నయ్యే” అన్నాడు. వాడన్న మాటల్లో నాకు గుర్తున్న చివరిది అదే. అమ్మ గబుక్కున తలుపు దగ్గరికి వెళ్ళి దక్షిణం వైపు చూసింది. నేనూ చూశాను. తాడిచెట్ల అవతల నల్లటి కరకట్ట ఒకటి లేచి మా మీదకి నడిచొస్తున్నట్టుంది.

అమ్మ చెల్లిని చీరకొంగుతో నడుముకి కట్టుకుంది. నన్నూ తమ్ముణ్ణీ నిట్రాట పట్టుకుని ఎక్కమని అరిచింది. నాయనమ్మ లేవనేలేదు. మట్టిగోడలు నానిన అరటిబోదెల మాదిరి కూలిపోతే కప్పు నీళ్ళమీద తేలింది. తాటాకుల్లోంచి చేతులు దూర్చి వాసాలు పట్టుకున్నాం. కప్పు ఎంతసేపు తేలిందో, ఎటు పోయిందో చెప్పలేను. ఎక్కడో చెట్టుకి కొట్టుకుని విడిపోయింది. అమ్మ చెయ్యి నా జబ్బ మీద ఉంది. నీళ్ళు తలమీదుగా ఒకసారి వచ్చి వెళ్ళాక లేదు. చెయ్యి ఎలా వదిలిందని ఇన్నేళ్ళలో చాలామంది అడిగారు. నాకు తెలిసింది ఇంతే.

నన్ను ఆపింది సర్కారుతుమ్మ కంప. పరికిణీ, జుట్టు ముళ్ళకి చిక్కుకుపోయాయి. నీళ్ళు లాగుతున్నాయి, కంప వదలడం లేదు. ఒళ్ళంతా గీరుకుపోతున్నా అప్పుడు నొప్పి తెలియలేదు. చలి మాత్రం తెలిసింది. పక్క కొమ్మ మీద ఒక పాము చుట్టుకుని ఉంది. అది నా వైపు రాలేదు, నేనూ దాన్ని అదిలించలేదు. ఆ రాత్రి నీళ్ళు నిప్పుల్లా మెరిశాయని మా వైపు చాలామంది చెప్తారు. నేను చూడలేదు. నా కళ్ళనిండా ఉప్పు, ఇసుక. వినపడిందైతే ఉంది. చీకట్లో మనుషులు ఇంటివాళ్ళని పేర్లు పెట్టి పిలిచారు. తెల్లవారుజాముకి ఆ పిలుపులు తగ్గిపోయాయి.

తెల్లారేసరికి నీళ్ళు చాలావరకు వెనక్కి పోయాయి. చుట్టూ చూస్తే ఊరన్నది లేదు. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి గట్టు లేదు, చెట్టు లేదు, బావి ఒర లేదు. నా ఒంటిమీద జాకెట్టు పీలిక తప్ప ఏమీ మిగల్లేదు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కంప నరికి నన్ను దించాడు. తన తల తువాలు తీసి నాకు చుట్టి, తను గోచీతో నడిచాడు. ఆయన ఎవరో తరవాత ఎంత అడిగినా తెలియలేదు.

దాహం. ఆ రోజంతా నాకున్న ఆలోచన అదొక్కటే. అమ్మ కోసం కూడా అంతగా ఏడవలేదు, ఉన్నమాట. చెరువుల్లో ఉప్పునీళ్ళు, వాటిమీద ఉబ్బిపోయిన గొడ్లు. కూలిన కొబ్బరిచెట్ల కాయలు ఏరి, పడిపోయిన స్తంభం అంచుకి బాది, ఒక్కొక్కరం ఒక్కో గుక్క తాగాం. ఆ కాయలే లేకపోతే ఇంకెంతమంది పోయేవాళ్ళో.

డాబా మీదకి చేరినవాళ్ళు బతికారు. మా పల్లెలో మిగిలినవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే. పొలాల మధ్య లోతట్టున గుడిసెలేసుకున్న కూలిజనం, ఏటి ఒడ్డున ఉండే పల్లెకారులు కుటుంబాలకి కుటుంబాలే లేకుండా పోయారు. నీళ్ళకి కులం లేదంటారు. ఇళ్ళకుంది. ఎవరి ఇల్లు మెరకన ఉండాలో, ఎవరిది పల్లాన ఉండాలో తుఫాను రాకముందే రాసిపెట్టి ఉంది.

నాన్న మోకాళ్ళలోతు బురదలో నడుచుకుంటూ వచ్చాడు. దారిపొడుగునా పడున్న పిల్లల మొహాలు తిప్పి చూసుకుంటూ వచ్చాడని ఆయనతో వచ్చిన మా పెదనాన్న తరవాత చెప్పాడు. నన్ను చూసి కూడా వెంటనే దగ్గరికి రాలేదు. దూరంగా నిలబడి, “ఎవరున్నారే?” అన్నాడు. నేనొక్కదాన్నే అని చెప్పాల్సి వచ్చింది.

అవనిగడ్డలో బళ్ళో పెట్టిన శిబిరంలో ఒక ముసలావిడ నా ఒంట్లోని ముళ్ళు తీసింది. పిన్నీసు మొన దీపం మీద కాల్చి, ముల్లు ఉన్నచోట చర్మం లేపి, గోళ్ళతో పట్టి లాగేది. లాగినచోటల్లా ఆముదం రాసేది. కొన్ని లోపలే విరిగిపోయి, తరవాత చీము పట్టి వాటంతట అవే బయటికొచ్చాయి. ఆవిడకి కూతురు, మనవలు పోయారట. నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని పని చేస్తున్నంతసేపూ మాట్లాడలేదు. ముళ్ళు అయిపోయాక కూడా ఇంకెక్కడైనా ఉందేమోనని రోజూ వచ్చి వెతికేది.

నాయనమ్మ, చెల్లి దొరికారు. అమ్మని చీరని బట్టి గుర్తుపట్టారు. నన్ను చూడనివ్వలేదు. మా తమ్ముడు దొరకలేదు. శవాలు డ్రైనుల్లో, తుమ్మకంపల్లో, కరకట్టల వెంబడి పేరుకుపోయాయి. మోసేవాళ్ళు లేరు, కట్టెలు తడి. ఎక్కడివాళ్ళని అక్కడే పోగుపెట్టి కిరసనాయిలు పోసి కాల్చారు, గోతులు తీసి పూడ్చారు. ఎవరికి ఏ తంతు చెయ్యాలో అడిగేవాళ్ళు లేరు. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది మావాళ్ళు కూడా కాదు. ఊళ్ళనుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు, ఆరెస్సెస్ వాళ్ళు, చర్చిల తరఫున వచ్చినవాళ్ళు, రామకృష్ణ మిషన్ వాళ్ళు. ఎవరు ఏ జెండా కింద వచ్చారన్నది నాకు అక్కర్లేదు. మేం తాకలేనిది వాళ్ళు తాకారు. ఆ రుణం మా సీమ మీద ఉంది.

మదర్ థెరిసా వచ్చారు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఊరూరా తిరిగి జోలె పట్టారని పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. మండలి వెంకటకృష్ణారావుగారు మా ప్రాంతం మనిషే. ఊళ్ళు మళ్ళీ నిలబెట్టే పనిలో ఆయన పేరు ఇప్పటికీ ఇక్కడ గౌరవంగా తలుచుకుంటారు. హెలికాప్టర్లు అన్నం పొట్లాలు విసిరాయి. బురదలో పడ్డవాటికోసం జనం పరిగెత్తారు. కాళ్ళు బాగున్నవాళ్ళకి దొరికాయి.

రాష్ట్రమంతటి నుంచీ బట్టలొచ్చాయి. లారీల్లోంచి దించి బడి వరండాలో కుప్పపోస్తే చేతికందింది తీసుకున్నాం. ఒకావిడకి జరీచీర వచ్చింది. మొగుణ్ణీ పిల్లల్నీ పోగొట్టుకున్న మనిషి, ఎవరి పెళ్ళిలోదో చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని, స్తంభానికి ఆనుకుని రోజుల తరబడి కూర్చుంది. మార్చుకోవడానికి ఇంకోటి లేదు. ఇచ్చినవాళ్ళు మంచి మనసుతోనే ఇచ్చారు. నేను మాత్రం ఆ తరవాత ఎప్పుడు ఎక్కడ వరదొచ్చినా నూలు చీరలు, లోపలి బట్టలు, దుప్పట్లు కొని పంపుతాను.

పోయినవాళ్ళ పేర్లు రాసుకోవడానికి వచ్చినవాళ్ళు శవం చూసిన సాక్షులుండాలన్నారు. తమ్ముడికి సాక్షి ఎవరు? నాన్న ఆ బల్లల చుట్టూ చాలాకాలం తిరిగాడు. ఆయనకి కావాల్సింది డబ్బు కాదు. వాడి పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని పట్టుబట్టాడు. చచ్చిపోయినవాళ్ళు 10,000 మంది దాకా అని సర్కారు లెక్క. మా వైపు ఎవరూ ఆ లెక్క ఒప్పుకోరు. ఇంటిల్లిపాదీ పోయినచోట పేరు రాయించేవాళ్ళు ఎవరు మిగిలారు? కూలికని ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేలగట్ల మీద పాకలేసుకున్నవాళ్ళని అసలు ఎవరు లెక్కపెట్టారు?

ఆ మరుసటి ఏడు మా సీమలో పెళ్ళిళ్ళు చాలా జరిగాయి. బాజాలు లేవు, పందిళ్ళు లేవు. పెళ్ళాం పోయినవాడికీ మొగుడు పోయినదానికీ పెద్దలు కూర్చుని ముడిపెట్టారు. వండిపెట్టే దిక్కు లేక, పిల్లల్ని చూసే మనిషి లేక, ఒంటి ఆడది పాకలో ఉండలేక. లోకం అన్నివేళలా వితంతువు పెళ్ళికి అడ్డుపడుతుంది కదా, ఆ ఏడు ఎవరూ నోరెత్తలేదు.

నాన్న కూడా చేసుకున్నాడు. పిన్నిది సొర్లగొంది వైపు. మొగుడు, ఇద్దరు మగపిల్లలు పోయారు. మా ఇంటికి వచ్చిన కొత్తలో అన్నం వేళకి ఆవిడ చెయ్యి తన అలవాటున నాలుగు కంచాలు తీసేది. ఒక క్షణం వాటివంక చూసి, ఒకటి తిరిగి గూట్లో పెట్టేది. నాకు ఒళ్ళు మండేది. మా అమ్మ ఉండాల్సిన చోట కూర్చుని ఎవరెవరికో కంచాలు తీస్తుందేమిటని. ఆవిడకీ నేనంటే అలాగే ఉండేదనుకుంటాను. తన పిల్లలు పోయి, పరాయిపిల్ల ఎదురుగా తిరుగుతుంటే ఎలా ఉంటుంది?

ఒకరోజు నేను పెరట్లో ఉంటే లోపల్నుంచి తన పెద్దకొడుకు పేరు పెట్టి కేకేసింది. నీళ్ళు తెమ్మని. కేకేశాక తనకే తెలిసి ఆగిపోయింది. నేను “ఆఁ, వస్తన్నా” అని బిందె ఎత్తుకుని వెళ్ళాను. అప్పుడు మేమిద్దరం ఏమీ అనుకోలేదు. ఆ రాత్రి ఆవిడ మొదటిసారి నా తల దువ్వింది. ముళ్ళకి చిక్కి ఊడినచోట జుట్టు రాలేదు. అక్కడ వేలు పెట్టి, “నొప్పిగా ఉందా?” అని అడిగింది. తరవాత్తరవాత నేను పిన్నీ అనడం మానేసి అమ్మా అన్నాను.

నాన్న చాలా ఏళ్ళు చేపలు ముట్టలేదు. ఎందుకో చెప్పలేదు, మేమూ అడగలేదు. పొలం ఉప్పుపట్టి తెల్లగా పొక్కిపోయింది. కాలవనీళ్ళు పెట్టి కడగడం, వదలడం, మళ్ళీ పెట్టడం. అంత చాకిరీ చేస్తే గాని గింజ రాలేదు.

అంత నీరు మా మీదకే ఎందుకొచ్చిందో నేను టీచర్ ట్రైనింగులో ఉన్నప్పుడు చదివి తెలుసుకున్నాను. తుఫాను కన్ను మాకు పడమరగా, చీరాల వైపు తీరం దాటింది. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. కన్నుకి కుడిపక్కన పడ్డ ఊళ్ళమీదకి అది సముద్రం నుంచి నేల వైపుకి కొడుతుంది, నీళ్ళను తోసుకుంటూ. ఆ కుడిపక్కన ఉన్నది మేమే. కృష్ణ వేలయేళ్ళుగా తెచ్చిపోసిన ఒండ్రుతో మా దగ్గర సముద్రం లోతు తక్కువ. తోసుకొచ్చిన నీటికి కిందికి పోయే దారి లేక పైకి లేచింది. తీరాన 5 మీటర్లు దాటి, నేలమీద మైళ్ళకి మైళ్ళు లోపలికొచ్చింది. మడ అడవి దట్టంగా ఉన్నచోట దాని జోరు కొంత తగ్గింది. నాయనమ్మ చెప్పినట్టు గాలి దక్షిణానికి తిరగడం నిజమే. ఆవిడ ఎరిగిన గాలివానల్లో అది తుఫాను దాటిపోతోందన్న గుర్తు. ఆ రోజు మాత్రం అదే గాలి సముద్రాన్ని తెచ్చింది.

ఆ తరవాతే మా తీరమంతా తుఫాను షెల్టర్లు లేచాయి. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుఫాను మా కృష్ణా తీరాన్నే దాటింది. ఈసారి ముందురోజే ట్రాక్టర్లు, బస్సులు వచ్చాయి. కోస్తా అంతటా లక్షల మందిని కదిలించారు. మా ఇంట్లో అందరికన్నా ముందు బండెక్కింది పిన్నే. రేషన్‌కార్డు, మంచినీళ్ళ బిందె పట్టుకుని కూర్చుని, గేదె పలుపు కోసి వదిలేస్తున్న నాన్నని తొందరపెట్టింది. ఇళ్ళు పోయాయి, గొడ్లు పోయాయి. రాష్ట్రం మొత్తం మీద పోయిన ప్రాణాలు 1,000 లోపు. ఆ ప్రాణాలూ తక్కువేం కాదు. కానీ 1977ని విధిరాత అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. సముద్రం అదే, మేమూ అదే మనుషులం. ముందు చెప్పినవాళ్ళు, బండి తెచ్చినవాళ్ళు, ఎక్కడానికి ఒక గట్టి మేడ, ఈ మూడూ ఉన్నాయి. అంతే తేడా. ఆ మేడల్లో చాలావాటికి ఇప్పుడు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

నేను బళ్ళో చెప్పినన్నాళ్ళూ నవంబరులో ఒక పూట పిల్లలకి ఈ సంగతి చెప్పేదాన్ని. పసివాళ్ళని ఎందుకు బెదరగొడతారని తల్లిదండ్రులు కొందరు అడిగారు. నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయో చూపించడానికి బడిగోడ మీద గీత గీద్దామంటే గోడ చాల్లేదు. ఆవరణలో కొబ్బరిచెట్టుకి, ఒక పిల్లాణ్ణి ఎక్కించి సున్నంతో పట్టీ పూయించాను.

ఎదురుమొండి నుంచి వచ్చిన పిల్ల ఒకతి ఆ పట్టీ వైపు చూసి, “గాలొస్తే మా పంటు ఆపేస్తారు కదా టీచర్, మేమెట్టా రావాలి?” అంది. అప్పట్లో వాళ్ళకి ఏరు దాటడానికి పంటు తప్ప దారి లేదు. వంతెన కావాలని ఎన్నో ఏళ్ళుగా అడుగుతూనే ఉండేవాళ్ళు. నేను ఆ పిల్లతో, “ఆపేదాకా ఉండొద్దమ్మా. గాలి రాకముందే, వాన మొదలవకముందే రేవుకి వచ్చెయ్యండి. మేకల్ని విప్పేసి రమ్మని మీ నాన్నకి చెప్పు. మీ నాయనమ్మ రానంటే ఎత్తుకురమ్మను” అన్నాను.